వైరు మిషనా, బ్యాటరీ మిషనా?



కాచిగూడ చౌరస్తా నుంచి స్టేషన్‌కు పోయే దారిలో ఒక గల్లీలో మాది చిన్న మడిగె. గ్రైండర్లు, డ్రిల్లులు, కట్టర్లు, సాండర్లు బాగుచేస్తాను. ఆర్మేచర్ చుట్టడం, కార్బన్లు మార్చడం, అరిగిన బేరింగ్ తీసి కొత్తది వేయడం, ముప్పై ఏళ్ళుగా ఇదే నా పని. నారాయణగూడ నుంచి, చిక్కడపల్లి నుంచి, అశోక్‌నగర్ నుంచి వడ్రంగులు, మార్బుల్ పనివాళ్ళు, కార్లకు పాలిష్ పెట్టేవాళ్ళు పాడైన మిషన్లను సంచిలో వేసుకుని నా దగ్గరికి వస్తారు. మూడు నాలుగేళ్ళుగా వాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే. వైరు మిషన్ కొనాలా, బ్యాటరీ మిషన్ కొనాలా?

పోయిన ఎండాకాలం ఒక పిల్లవాడు వచ్చాడు. వడ్రంగం పని. షాద్‌నగర్ నుంచి పొద్దున రైలుకు కాచిగూడలో దిగుతాడు, రాత్రి రైలుకు పోతాడు. సామాను సంచి భుజానికే ఉంటుంది.

"అన్నా, ఇగ వైరు మిషన్ వద్దు నాకు. బ్యాటరీవి చెప్పు. పేపర్ కొట్టేది, కోసేది, పాలిష్ పెట్టేది, మూడిట్లకు ఒక్కటే బ్యాటరీ పడాలె."

"వైరు మీద ఎందుకు తమ్మీ అంత కోపం?"

"నిచ్చెన ఎక్కితే కాళ్ళకు పెనేసుకుంటది. కింద ఓనర్‌ను బతిమాలితే గాని ప్లగ్గు పెట్టనియ్యడు. మొన్న కట్టర్ కిందనే వైరు పడి తెగింది. పెద్ద చప్పుడు, మెరుపు. చెయ్యి బతికింది."

అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయినా మూడింటికీ బ్యాటరీయే కొనమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదో ఈరోజు మీకు చెప్పాలని వచ్చాను. మిషన్ పట్టేవాళ్ళకు ఇది ఎంత అవసరమో, పాత ఇంటి తలుపులు బాగుచేయించుకునే ఇంటివాళ్ళకూ అంతే అవసరం.

ముందు ఒక లెక్క. కాగితం పెన్సిల్ అక్కర్లేదు, నోటితోనే చేయొచ్చు.

బ్యాటరీ ప్యాకు విప్పితే లోపల బొటనవేలంత గుండ్రటి సెల్లులు ఉంటాయి. లిథియం అయాన్ సెల్లు ఒక్కోటి 3.6 వోల్టులు. అవి ఐదు వరసగా కలిపితే 18 వోల్టులు. అదే సెల్లు నిండా చార్జ్ అయినప్పుడు 4.2 వోల్టులకు వస్తుంది, ఐదూ కలిస్తే 21. అందుకని ఒక కంపెనీ 18 అని, ఇంకో కంపెనీ 20 అని, మరో కంపెనీ 21 అని అచ్చేస్తుంది. మూడూ ఒకటే. 21 అని రాసి ఉంది కాబట్టి జోరు ఎక్కువని నమ్మి ఎవరూ ఎక్కువ డబ్బు పెట్టకండి. ఇక చౌక ప్యాకుల మీద 48 అని, 88 అని పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. అలాంటివి చాలా విప్పాను. లోపల అవే ఐదు సెల్లులు, కొన్నిట్లో వాటి మీద ఎవరి పేరూ ఉండదు.

ఇప్పుడు 4 ఆంపియర్ అవర్ ప్యాకు తీసుకుందాం. 18ని 4తో గుణిస్తే 72 వాట్ అవర్లు. ఆ డబ్బాలో ఉన్న కరెంటంతా ఇదే. స్క్రూ బిగించడానికి పట్టేది రెండు మూడు సెకన్లు. బిగించి ఆపుతాం, ఇంకో స్క్రూ తీస్తాం, మళ్ళీ బిగిస్తాం. మిషన్ తిరిగేది తక్కువ, ఆగేది ఎక్కువ. అందుకే ఆ ప్యాకు పూటంతా వస్తుంది. పేపర్ కొట్టే పని అలాంటిది కాదు. చేతిలో పట్టే 5 అంగుళాల గుండ్రటి సాండర్ 300 వాట్ల దాకా తీసుకుంటుంది, పైగా ఆపకుండా తిరుగుతూనే ఉండాలి. 72ని 300తో భాగించండి. పావుగంట కూడా పూర్తిగా రాదు. కార్బన్లు లేని కొత్త రకం మోటారుకు ఖర్చు తక్కువ, వేగం తగ్గించి తిప్పితే ఇంకొంచెం సేపు వస్తుంది, నిజమే. కానీ ఒక టేకు తలుపు రెండు వైపులా నునుపు తేరాలంటే గంటలు కావాలి.

కోత సంగతి చూడండి. వైరుతో నడిచే 7 అంగుళాల చక్రపు రంపం 1200 వాట్ల దగ్గర ఉంటుంది. అంత బరువు ఆ 72 వాట్ అవర్ల మీద ఆపకుండా వేస్తే 4 నిమిషాలు కూడా నిలవదు. ఇంకో సంగతి, గోడలోని 230 వోల్టుల మీద 1200 వాట్లు లాగితే తీగలో పోయేది 5 ఆంపియర్ల పైచిలుకు. అదే పని 18 వోల్టుల మీద చేయాలంటే 67 ఆంపియర్లు పోవాలి. ఆంపియర్లు పెరిగితే వేడి పెరుగుతుంది. బ్యాటరీ రంపంతో దళసరి చెక్క కోసి ప్యాకు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది అందుకే.

ఇక్కడ కొంచెం వెనక్కి పోతాను. మా కాచిగూడ స్టేషన్ 1916లో కట్టారు. గుమ్మటాలతో, మినార్లతో ఇప్పటికీ రాజభవనంలా ఉంటుంది. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల వడ్రంగం అంతా చేతి బలమే, బాడిస, ఉలి, రందా, బరమా. హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు తయారుచేసే థర్మల్ కేంద్రం వచ్చింది 1920లో. అప్పటికి జర్మనీలో ఫైన్ కంపెనీ కరెంటు డ్రిల్లు తయారుచేసి పాతికేళ్ళయింది, అది 1895 నాటి మాట. పిస్తోలు పిడి, వేలితో నొక్కే మీట ఉన్న డ్రిల్లును అమెరికాలో బ్లాక్ అండ్ డెకర్ వాళ్ళు తెచ్చింది సరిగ్గా మా స్టేషన్ కట్టిన కాలంలోనే. అదే కంపెనీ 1961లో తీగ లేని డ్రిల్లు అమ్మింది, నికెల్ కాడ్మియం సెల్లులతో. చంద్రుడి మీదికి పోవడం కోసమే తీగ లేని డ్రిల్లు పుట్టిందని చాలామంది అంటారు. కానీ చంద్రుడి మీద రాయి తొలిచిన బ్యాటరీ డ్రిల్లు 1971లో అపోలో 15తో పోయింది, అంగట్లోకి డ్రిల్లు వచ్చిన పదేళ్ళకు. ఆ నికెల్ ప్యాకులు బరువెక్కువ, వాడకపోయినా దిగిపోయేవి. 2003 నుంచి 2005 మధ్య లిథియం అయాన్ ప్యాకులు పనిముట్లలోకి వచ్చాకే బ్యాటరీ మిషన్‌కు అసలు జోరు వచ్చింది. ఆ సెల్లుకు దారి వేసిన ముగ్గురు, గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యొషినో, 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. మా గల్లీలో రోజూ భుజానికి తగిలించుకుని తిరిగే సరుకు వెనక అంత చదువు ఉంది.

ఇక షాద్‌నగర్ పిల్లవాడి దగ్గరికి వద్దాం. నా మాట అతనికి పూర్తిగా ఎక్కలేదు. స్నేహితుడి దగ్గర బ్యాటరీ సాండర్ ఒకటి, మూడు ప్యాకులు, ఒక చార్జర్ అడిగి తెచ్చుకుని చప్పల్ బజార్ దగ్గర ఒక పాత ఇంట్లో తలుపుల పని గంపగుత్తకు ఒప్పుకున్నాడు. మే నెల. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అన్నా, చార్జర్ ఎర్ర లైటు కొడుతుంది, ఎక్కుతలేదు."

నడిచి పోయాను. నట్టింటి తలుపు రెక్క ఊడదీసి వరండాలో రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టి ఉంది. బరువైన పాత టేకు. ఎన్ని పూతలు వేశారో తెలియదు. సాండర్ తిరిగిన చోట పొరలు వరసగా కనిపిస్తున్నాయి. పైన ఆకుపచ్చ ఎనామిల్, దాని కింద నీలం, దాని కింద బూడిద, అన్నిటికీ కింద గులాబీ రంగు ప్రైమర్, అది దాటితే తేనె రంగులో టేకు. చూడడానికి ముచ్చటగా ఉంది. ప్యాకు మాత్రం చేతిలో పట్టుకోలేనంత వేడి. లిథియం ప్యాకు 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ ఎక్కకూడదు, మంచి చార్జర్ అయితే ఎక్కించదు, చల్లబడేదాకా ఆగుతుంది. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం నీడలోనే 42 దాకా పోతుంది. అప్పుడే పనిచేసి దిగిన ప్యాకు ఇక ఎప్పుడు చల్లబడాలి? మూడు ప్యాకులూ ఎండలో ఉన్న ఇనప పెట్టె మీద పేర్చి ఉన్నాయి. పొద్దున్నుంచి రెక్క సగం కూడా కాలేదు. హెల్పర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గంపగుత్త పనిలో ఆ కూర్చున్న గంటలన్నీ పిల్లవాడి జేబులోంచే పోతాయి.

నన్ను ఎక్కువ భయపెట్టింది అది కాదు. వరండా అంతా సన్నటి దుమ్ము. తులసికోట మీద దుమ్ము, తాడు మీద ఆరేసిన చిన్నపిల్లల గౌన్ల మీద దుమ్ము. పిల్లవాడి మూతికి ఒక దస్తీ. అంతే.

పాత రంగుల్లో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని నిబంధన చేసింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ 1 నుంచి. అంతకు ముందు పూసిన ఎనామిల్‌లో, ముఖ్యంగా పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో, సీసం ఉండే అవకాశం ఎక్కువ. తలుపు మీద గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం దాని జోలికి పోనక్కర్లేదు. దాన్ని నిమిషానికి వేలసార్లు రుద్ది పొడి చేసి గాలిలోకి లేపినప్పుడే అది ఊపిరిలోకి, నేల మీద పాకే పిల్లల చేతుల్లోకి, నోట్లోకి పోతుంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని ఇంతని చెప్పలేం, తిరిగి బాగుచేయలేం. రంగు లేని ఉత్త కొయ్య దుమ్ము కూడా మంచిది కాదు. కొయ్య దుమ్ము, రాతిలోని సిలికా దుమ్ము, రెండూ మనిషికి క్యాన్సర్ తెచ్చేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది.

మా నాయన కూడా వడ్రంగే. ఆయన చేతికి మిషన్ తెలియదు. రేగ్‌మాల్ కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి రుద్దేవాడు. రేగ్ అంటే ఇసుక, ఇసుకతో రుద్దేది రేగ్‌మాల్. కోస్తా నుంచి వచ్చిన మేస్త్రీలు దాన్నే ఉప్పుకాగితం అనేవాళ్ళు. పాత రంగున్న తలుపైతే ఆయన కాగితాన్ని సబ్బు నీళ్ళలో ముంచి రుద్దేవాడు. ఎందుకని అడిగితే, దుమ్ము లేవకుండా అనేవాడు. సీసం మాట ఆయన ఎన్నడూ విని ఉండడు. చేసిన పద్ధతి మాత్రం సరైనదే.

ఆ రోజు పని ఆపించాను. ఇంటివాళ్ళకు చెప్పి పిల్లల్ని లోపలికి పంపి తలుపులు వేయించాం. నేలంతా తడిగుడ్డతో తుడిపించాం. ఊడిస్తే దుమ్ము మళ్ళీ లేస్తుంది, అందుకే తుడవాలి. మర్నాడు రిమూవర్ పూసి పాత రంగును మెత్తగా ఉండగానే లప్పం రేకుతో గీకేశాం. కొయ్య బయటపడ్డ తర్వాత మా మడిగెలోని వైరు సాండర్ తీసుకొచ్చి దానికి దుమ్ము లాగే వాక్యూమ్ గొట్టం తగిలించాం. సాండర్ అడుగు పళ్ళెంలో చిల్లులు ఉంటాయి, పేపర్‌లోనూ అదే వరసన చిల్లులు ఉంటాయి. రెండూ కలిసేలా అంటిస్తే లేచే దుమ్ములో చాలా భాగం ఆ చిల్లుల్లోంచి గొట్టంలోకి పోతుంది. మిషన్‌తో వచ్చే చిన్న గుడ్డసంచి ముతక పొడినే పడుతుంది. ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే సన్నటి పొడి దానిలోంచి బయటికి వస్తూనే ఉంటుంది.

ఇక్కడే నా అసలు మాట. సాండర్ అన్నాక దానికి వాక్యూమ్ గొట్టం ఉండి తీరాలి. గొట్టం ఉంటే వాక్యూమ్‌కు కరెంటు కావాలి, కరెంటుకు తీగ కావాలి. మిషన్‌కు గొట్టం ఎలాగూ తోకలా వేలాడుతుంటే, దాని పక్కన వైరు ఒకటి పోతే బరువేమిటి? నాలుగు చోట్ల టేపు చుట్టి గొట్టాన్నీ వైరునూ ఒకటి చేశాం. పిల్లవాడు సాయంత్రానికి రెక్క రెండు వైపులా 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180 దాటించాడు. తాడు మీది బట్టల్ని ఎవరూ తీయాల్సిన పని పడలేదు.

సాండర్‌ను అదిమి పట్టకూడదని కూడా అక్కడే నేర్పాను. చెయ్యి బరువు చాలు. అదిమితే పళ్ళెం తిరుగుడు ఆగి సుడిగుర్తులు పడతాయి. అవి అప్పుడు కనబడవు. చపడా లక్కను స్పిరిట్‌లో కరగేసి పూసినప్పుడు, మెలమైన్ కొట్టినప్పుడు, దీపం వెలుగులో ఒక్కొక్కటే పైకి తేలతాయి. అప్పుడు ఎంత ఏడ్చినా లాభం లేదు, మళ్ళీ మొదటి నంబరుకు పోవాలి.

కోత దగ్గర నా తీర్పు వేరు. అశోక్‌నగర్ సంగతి మీకు తెలుసు. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్, టీచర్ ఉద్యోగాలకు చదివే పిల్లలు ఎన్నో జిల్లాల నుంచి వచ్చి ఉంటారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చోటు దొరకనివాళ్ళు ప్రైవేటు రీడింగ్ రూముల్లో కూర్చుంటారు. మూడో అంతస్తులో ఒక హాలు, అందులో ప్లైవుడ్ అడ్డాలతో చిన్న చిన్న కేబిన్లు. వాటిని చేసేది మా దగ్గరికి వచ్చే వడ్రంగులే. 8 అడుగుల షీటు నిలబెట్టి, కొలిచి, అక్కడికక్కడ అర అంగుళం తీసేయాలి. నిచ్చెన ఎక్కి పైపట్టీ ముక్క కోయాలి. కోత చిన్నది, మనిషి ఉన్న చోటు ఇరుకు. ఇక్కడ బ్యాటరీ రంపమే మేలు. కాలికి చుట్టుకునే తీగ ఉండదు, బ్లేడు కింద తీగ పడదు. పైగా చాలా బ్యాటరీ రంపాల్లో మీట వదలగానే బ్లేడును ఆపే ఏర్పాటు ఉంటుంది. మామూలు వైరు రంపం మీట వదిలాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ కాసేపట్లోనే దాన్ని తొడ మీద పెట్టుకున్నవాళ్ళను చూశాను. ఇక కింద నేల మీద ఇరవై షీట్లు పరిచి నిలువునా చీల్చే పనైతే మళ్ళీ వైరుకే రావాలి. లెక్క ఇందాక చెప్పాను.

ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. మన ఊళ్ళో చాలామంది వడ్రంగుల దగ్గర కొయ్య కోసే రంపమే ఉండదు. మార్బుల్ కట్టర్‌కు పళ్ళ బ్లేడు బిగించి దానితోనే చెక్క కోస్తారు. చౌక, చిన్నది, తేలిక. కానీ అది రాయి కోయడానికి చేసిన మిషన్. నిమిషానికి 12 వేల సార్లు, ఆ పైనే తిరుగుతుంది. కొయ్య రంపం తిరిగేది 5 వేల దగ్గర. కొయ్య రంపానికి కింద ఒక మూత ఉంటుంది, బ్లేడు చెక్కలోంచి బయటికి రాగానే తనంతట తానే వచ్చి మూసుకుంటుంది. మార్బుల్ కట్టర్‌కు ఆ మూత లేదు. చెక్కలో ముడి తగిలినా, కోసిన సందు దగ్గరకు ముడుచుకుని బ్లేడును పట్టుకున్నా, మిషన్ ఎగిరి మనిషి మీదికి వస్తుంది. గ్రైండర్‌కు పళ్ళ బ్లేడు బిగించడం ఇంకా ఘోరం. నా మడిగె బల్ల మీద మిషన్ పెట్టి వివరం చెప్పే చేతుల్లో వేళ్ళు తక్కువైన చేతులు ఎన్నో ఉన్నాయి. అది చూసిన ప్రతిసారీ నాకు కడుపులో దేవుతుంది. వైరా, బ్యాటరీయా అని తేల్చుకునే ముందు, కొయ్య కోయడానికి కొయ్య రంపమే కొనండి. వైరుది కొన్నా సరే, బ్యాటరీది కొన్నా సరే.

చప్పుడు గురించి కూడా అడుగుతారు. బ్యాటరీ రంపమైతే చదువుకునే పిల్లలకు ఇబ్బంది ఉండదు కదా అని. అరిచేది మోటారు కంటే బ్లేడు. బ్యాటరీ పెట్టినంత మాత్రాన అది నోరు మూసుకోదు. ఇళ్ళున్న చోట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు నియమాలు చెప్తున్నాయి. రంపం దాని రెండింతల అంకెకు పైనే ఉంటుంది. పగలు చేసుకోవాల్సిన పనే అది.

ఇక పాలిష్. కొయ్యకు, కారుకు పెట్టే పాలిష్ మిషన్ 1000 వాట్ల పైది, నెమ్మదిగా తిరుగుతుంది, గంటలకొద్దీ తిరుగుతుంది. దానికి వైరే. రాయి పాలిష్ దగ్గర మాత్రం నీళ్ళ సంగతి ఆలోచించాలి. గ్రానైట్ అంచుకు 50 నంబరు ప్యాడు నుంచి 3000 దాకా ఒక్కోటే మారుస్తూ నీళ్ళు పోస్తూ రుద్దుతారు. నీళ్ళు పోయడం మంచిదే, సిలికా దుమ్ము లేవదు. కానీ పోసేది మామూలు గ్రైండర్ మీద, సీసా మూతకు చిల్లు పెట్టి. మీ మిషన్‌కు రెండు పిన్నుల ప్లగ్గే ఉందా? చదరంలో చదరం గుర్తు ఉందా? లోపల రెండు పొరల రక్షణ ఉందని దాని అర్థం. నీళ్ళు లోపలికి దిగితే ఆ రెండు పొరలూ పనిచేయవు.

ఈ షాక్ భయంతోనే బ్రిటన్‌లో నిర్మాణం జరిగే చోట మిషన్లకు సాధారణంగా నేరుగా ఇంటి కరెంటు ఇవ్వరు. పసుపు రంగు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 వోల్టులకు దించుతారు. తీగ తెగి ఒంటికి తగిలినా మనిషి నుంచి భూమికి పోయేది 55 వోల్టులే. గల్ఫ్‌లోనూ ఆ పద్ధతి ఉన్న చోట్ల పనిచేసి వచ్చిన కరీంనగర్, జగిత్యాల అన్నదమ్ములను అడిగితే ఆ పసుపు పెట్టె సంగతి చెప్తారు. ఇక్కడ మనకు ఆ ఏర్పాటు లేదు. ఉన్న దారి ఆర్‌సీసీబీ. మీటర్ పక్కన పెట్టే ఎంసీబీ తీగను కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు ఎప్పటికప్పుడు సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, అంటే అంత కరెంటు మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోతుంటే, రెప్పపాటులో ఆపేస్తుంది. కాచిగూడ, బర్కత్‌పురా వైపు పాత ఇళ్ళలో ఇంకా పింగాణీ ఫ్యూజులే చూస్తున్నాను. తడి పని చిన్నదైతే, ఒక అంచు ముక్కో, ఒక సింకు చుట్టో అయితే, బ్యాటరీ మిషన్‌తో చేయడం నాకు ఇష్టం. 18 వోల్టులు ప్రాణం తీయవు.

వైరు వాడేవాళ్ళకు ఇంకొక్క మాట. ఎక్స్‌టెన్షన్ తీగను చుట్ట చుట్టి ఉంచి పెద్ద మిషన్ నడపకండి. చుట్టలో వేడి పోయే దారి లేక పైతొడుగు కరిగిపోతుంది. కరిగి ఒకటైపోయిన చుట్టలు నా దగ్గరికి చాలా వచ్చాయి. పూర్తిగా విప్పి పరచండి. మందమైన రాగి తీగ కొనండి. సాండర్ లోపలికి పోయిన దుమ్ము బయటికి వచ్చేలా వారానికోసారి గాలి కొట్టించండి. సగం ఆర్మేచర్లు ఆ దుమ్ముకే కాలుతున్నాయి.

బ్యాటరీ వాడేవాళ్ళు ప్యాకును బండి డిక్కీలో ఎండకు వదిలేయకండి. నెలలపాటు వాడకుండా పెట్టేటప్పుడు సగం చార్జ్‌తో చల్లటి చోట పెట్టండి. ఒక కంపెనీ ప్యాకు ఇంకో కంపెనీ మిషన్‌కు పట్టదు, కాబట్టి మొదటి మిషన్ కొనేటప్పుడే ముందు ముందు కొనేవాటి గురించి కూడా ఆలోచించండి. అమెరికాలో ఉన్న కొడుకో అల్లుడో సెలవుల్లో వస్తూ డ్రిల్లు తెస్తుంటారు. మిషన్ బంగారంలా ఉంటుంది. చార్జర్ మాత్రం అక్కడి 120 వోల్టులది. మన 230లో పెట్టగానే కాలిపోతుంది. పెట్టే ముందు చార్జర్ అడుగున ఎన్ని వోల్టులని రాసి ఉందో చదవండి, 120 అని ఒక్కటే ఉంటే వోల్టేజీ దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. చచ్చిపోయిన ప్యాకును చెత్తలో వేయకండి, కబాడీకి అమ్మకండి. సుత్తితో కొడితే లిథియం సెల్లు మంట అంటుకుంటుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే. కొన్న దుకాణంలో అడగండి, అడిగే హక్కు మీకుంది.

షాద్‌నగర్ పిల్లవాడు చివరికి రాణిగంజ్ పోయి ఒక బ్యాటరీ డ్రిల్లు, అదే ప్యాకు పట్టే చిన్న రంపం, రెండు ప్యాకులు కొన్నాడు. సంచి తేలికైంది, రైల్లో పై బెర్తు మీద పడుతుంది. సాండర్ వైరుదే కొన్నాడు. పేరున్న కంపెనీ పెద్ద ప్యాకు ఒకటి కొనే డబ్బుకు దాదాపు ఒక వైరు సాండరే వస్తుంది మరి. మిగిలిన డబ్బు వాక్యూమ్‌కు పెట్టమన్నాను, పెట్టాడు. చప్పల్ బజార్ తలుపులు ఇప్పుడు చూడాలి మీరు. వరండాలోకి అడుగుపెట్టగానే టేకు గీతలు వెలుగుతుంటాయి.

ఇంటివాళ్ళకు నా విన్నపం ఒకటే. పనివాడు ప్లగ్గు అడిగితే విసుక్కోకండి. ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల పాయింటు ఒకటి చూపించండి. పాత రంగు తీయించే రోజు చిన్నపిల్లల్ని, గర్భవతుల్ని చుట్టాల ఇంటికి పంపండి. ఒక మంచి ఎన్95 మాస్కు మీరే కొని అతని చేతికివ్వండి. ఈ రాత్రి ఒకసారి మీ మీటర్ పెట్టె తెరిచి చూడండి. ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద టెస్ట్ అనే చిన్న మీట ఉంటుంది, నొక్కండి. టక్కున పడిపోతే అది పనిచేస్తున్నట్టు. పడకపోయినా, అసలు అలాంటిదే లేకపోయినా, రేపే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తలుపుల పని ఆ తర్వాత మొదలుపెట్టించండి.